పేటెంటు హక్కు చరిత్రము

మన యిండ్లలో బిడ్డ పడి మోకాలు చీరుకొనిపోయినచో పెద్దలు మొదట చేయు పని పసుపు తెచ్చి గాయమున కద్దుట. ఈ వైద్యము నెవరు నేర్పిరని యడిగినచో అవ్వ నేర్పినదనియు, ఆ యవ్వకు వేరొక యవ్వ నేర్పినదనియు చెప్పవలసినదే గాని, మొదటి పేరు చెప్పుట కెవరికిని శక్యము గాదు. అట్టి పసుపును గాయము మానుటకు వాడు పద్ధతి తమ నూతన కల్పనయని అమెరికా దేశమున నిద్దరు శాస్త్రజ్ఞులు దరఖాస్తు పెట్టిరి. 1995వ సంవత్సరము మార్చి నెలలో ఆ దేశపు పేటెంటు కార్యాలయము వారు పని చేయుచున్న మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు హక్కుపత్రము నిచ్చెను. ఈ వార్త విన్నప్పుడు మనవారిలో కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. రెండును న్యాయమే. కాని ఈ పేటెంటు అనున దేమి, అది యెక్కడ పుట్టెను, ఏ యుద్దేశముతో పుట్టెను అను సంగతి తెలియనిదే మన నవ్వునకు గాని కోపమునకు గాని బలము చాలదు. నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

పేటెంటు అను మాటకు మూలము లాటిను భాష. తెరచియున్న దని దాని యర్థము. పూర్వము ఐరోపా రాజులు రెండు విధములైన లేఖలు వ్రాయించుచుండిరి. ఒకటి మడిచి ముద్రవేసి పంపునది. ముద్ర విప్పిన గాని లోపలి సంగతి తెలియదు. రెండవది ముద్రను క్రింద వ్రేలాడగట్టి, ఎల్లరును చదువుకొనుటకు వీలుగా తెరచియుంచునది. ఒక వ్యక్తికి బిరుదో, భూమియో, వర్తక హక్కో ఇచ్చినప్పుడు ఈ తెరచిన లేఖయే యిచ్చుచుండిరి. కావున పేటెంటు అను మాటలోనే బహిరంగత్వ మున్నది. రహస్యమును కాపాడుకొనుట కిది సాధనమని మనవారిలో పెక్కుమంది తలంతురు. నిజమున కిది రహస్యమును బయటపెట్టినందుకు దొరకు ప్రతిఫలము.

ఇటలీ దేశమున ఫ్లోరెన్సు నగరమందలి పెద్ద దేవాలయపు శిఖరమును కట్టిన శిల్పి బ్రూనెలెస్కీ అను నతడు. చలువరాళ్లను నదిపై తెచ్చుటకు నూతన విధమైన పడవను కల్పించితిననియు, దానిని ఇతరులు అనుకరింపరని మాట యిచ్చిన గాని చూపననియు ఆ శిల్పి పట్టుపట్టగా, 1421లో నగర ప్రభుత్వము మూడేండ్ల హక్కు నిచ్చెను. ఆ గడువులో మరియొకడు అట్టి పడవను చేసినచో దానిని తగులబెట్టవలెనని శాసనము. తరువాత జరిగిన దేమనగా, ఆ పడవ చలువరాళ్లతో సహా నదిలో మునిగిపోయెను. హక్కుపత్రము వస్తువునకు మంచితనము నీయజాలదని మొదటి పేటెంటే తెలిపినట్లయ్యెను.

వెనీసు నగరమువారు 1474లో దీనిని చట్టముగా చేసిరి. నగరమున లేని క్రొత్త పరికరమును నిర్మించి ప్రభుత్వమునకు తెలిపినవానికి పదేండ్ల వరకు దానిపై హక్కుండును. అనుమతి లేక చేసినవాడు నూరు డుకాట్లు దండుగ కట్టవలెను; వాని పరికరము పగులగొట్టబడును. గాజు పని మొదలైన విద్యలలో నిపుణులైన పరదేశీయులు తమ యూరికి వచ్చి నిలువవలెనని వెనీసువారి కోరిక. గడువు పదేండ్లే యని వారు ముందుగానే నిర్ణయించుట మెచ్చదగినది.

ఇంగ్లండులో ఈ పద్ధతి చెడిపోయెను. ఎలిజబెత్తు రాణి కాలమున నూతన కల్పనలకే గాక, ఉప్పు, గంజిపిండి, పేకముక్కలు మొదలైన నిత్యవస్తువులకు గూడ తన దర్బారులోని వారికి పేటెంటు లిచ్చుచు వచ్చెను. మన దేశమున కల్లు గుత్త, రేవు గుత్త పాడుకొనిన వారి ప్రతాప మెట్టిదో పెద్దలకు జ్ఞాపక ముండును. ఇదియు నట్టిదే, అయితే పాట గూడ లేదు, రాణిగారి దయ చాలును. 1601లో పార్లమెంటునందు ఈ గుత్తల జాబితాను చదువుచుండగా, ఇందులో రొట్టె లేదా యని యొక సభ్యు డెత్తిపొడిచెను. రాణి లొంగి కొన్నిటిని రద్దుచేసెను. ఆ మరుసటి యేడు పేకముక్కల గుత్త చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. తుదకు 1624లో పార్లమెంటు గుత్తల చట్టమును చేసి, రాజు ఇచ్చు ఏకస్వామ్యము లన్నియు చెల్లవనియు, నిజముగా మొదట కల్పించినవానికి మాత్రము పదునాలుగేండ్ల హక్కీయవచ్చుననియు నిర్ణయించెను. ఆనాడు పనివాని కడ శిష్యుడు విద్య నేర్చుకొను కాలము ఏడేండ్లు. రెండు జట్ల శిష్యులు నేర్చుకొను వరకు గురువునకు లాభము, అటుపిమ్మట విద్య లోకమునకు. లెక్క చక్కనిదే.

ఈ చట్టము మేలు చేసినదా, కీడు చేసినదా యను ప్రశ్నకు జేమ్సు వాట్టు కథ చక్కని నిదర్శనము. ఆవిరియంత్రమును వాట్టు కనిపెట్టెనని బడిపుస్తకములలో చదివితిమి. అది సరికాదు. న్యూకామెన్ అను నతని యంత్రము 1712 నుండియే గనులలో నీరు తోడుచుండెను. కాని అది బొగ్గును మ్రింగివేయును. ప్రతి పర్యాయము ఆవిరి నిండిన సిలిండరును చన్నీటితో చల్లార్చి, మరల కాచవలసి యుండుటయే దీనికి కారణము. కాగిన పెనమును నీటితో చల్లార్చి, మరల కాచి, ఒక్కొక్క అట్టు పోసినట్లు. గ్లాస్గో విశ్వవిద్యాలయమందలి నమూనా యంత్రమును బాగుచేయుచు వాట్టు ఈ లోపమును కనుగొనెను. ఆవిరిని వేరొక పాత్రలోనికి పంపి యచ్చట చల్లార్చినచో, సిలిండరు ఎల్లప్పుడును వేడిగనే యుండును గదా యని 1765లో ఆయనకు తోచెను. 1769లో పేటెంటు పొందెను.

తోచుట వేరు, యంత్రము చేయుట వేరు. మొదటి భాగస్వామి దివాలా తీసెను. బర్మింగుహాములో కర్మాగారము గల బౌల్టన్ అను వర్తకుడు ఆ భాగమును కొని, ధనము పెట్టుటకు సిద్ధపడెను. కాని పదునాలుగేండ్లలో ఆరేండ్లు అప్పటికే గడచిపోయెను. అందువలన వారు పార్లమెంటు నాశ్రయించి, 1775లో ప్రత్యేక చట్టముచే గడువును 1800 వరకు పొడిగింపజేసికొనిరి. ఈ పొడిగింపు లేనిచో బౌల్టన్ ధనము పెట్టియుండడు. ధనము లేనిచో యంత్రము కాగితముపైననే యుండిపోయెడిది. ఇంతవరకు పేటెంటు చేసిన మేలు నొప్పుకొనవలెను.

ఇక రెండవ వైపు. వారు యంత్రమును అమ్ముటకంటె, దాని వలన మిగిలిన బొగ్గు ధరలో మూడవ వంతును ప్రతి యేటను వసూలు చేయుటయే పద్ధతిగా పెట్టుకొనిరి. కార్నువాలు సీమలోని తామ్రపు గనుల వారికి బొగ్గు లేదు; వేల్సు నుండి ఓడలపై రావలెను. కావున వారు యంత్రమును గొనిరి, కొని యేటేట కట్టలేక మొరపెట్టిరి. అచ్చటి హార్న్‌బ్లోవర్ అను నతడు రెండు సిలిండర్లు గల యంత్రమును కల్పించి 1781లో పేటెంటు పొందెను గాని, వాట్టు హక్కునకు భంగము కలిగినదని న్యాయస్థానములలో ఓడిపోయెను. హెచ్చు పీడనము గల ఆవిరి యపాయకరమని వాట్టు అభిప్రాయము; ఆయన గడువున్నంతవరకు దాని పెంపునకు తావు చిక్కలేదు. విచిత్ర మేమనగా, ఆ వాట్టే తన యంత్రముచే చక్రము త్రిప్పవలసివచ్చినప్పుడు, వంపుకడ్డీపై పేటెంటు మరియొకని చేతిలో నున్నందున, దానిని వదలి, పండ్ల చక్రములతో చుట్టుదారిన పోవలసివచ్చెను. తాను త్రవ్విన గోతి వంటి గోతిలోనే తానును పడెను.

1800లో గడువు తీరెను. 1802లో ట్రెవితిక్ హెచ్చు పీడనపు యంత్రమునకు పేటెంటు తీసికొనెను. రైలుబండికి దారి యేర్పడినది ఆ యంత్రముతోనే. కార్నువాలు గనుల వారు మరియొక పని చేసిరి. 1811 మొదలు ఏ గనిలో ఏ యంత్రము ఎంత బొగ్గునకు ఎంత నీరు తోడినదో నెలనెలకు అచ్చువేసి ప్రకటించుచు వచ్చిరి. ఒకరి మార్పును చూచి యింకొకరు దిద్దుకొనిరి. పెక్కుమంది పేటెంటుల జోలికి పోలేదు. ఇరువది ముప్పదేండ్లలో ఆ సీమ యంత్రముల పనితనము అదే బొగ్గునకు సుమారు మూడింత లయ్యెను. నా యభిప్రాయమున వాట్టునకు మొదటి పదునాలుగేండ్లు చాలవు, పెంచిన గడువు మిక్కిలి యెక్కువ. ఎంత గడువు తగునను ప్రశ్నకు ఇప్పటికిని తూకపురాయి దొరకలేదు.

మన దేశమున కీ చట్టము 1856లో వచ్చెను. ఆ యేడు మార్చి 3వ తేదీన కలకత్తాలో డిపెన్నింగు అను ఇంజనీరు మొట్టమొదటి దరఖాస్తు పెట్టెను. ఏ కల్పనకో తెలియునా? పంకా లాగు యంత్రమునకు! దొరలు నిద్రించుచుండగా వరండాలో కూర్చుండి రాత్రియంతయు త్రాడు లాగిన పంకావాని కష్టమును తగ్గించుటకో, వాని కూలిని మిగుల్చుటకో, ఆ దరఖాస్తు చెప్పదు. సీమలోని అనుమతి లేకుండ చేసినదను కారణమున ఆ చట్టము రద్దయి, 1859లో మరల వచ్చెను. 1911 నాటి చట్టము స్వాతంత్ర్యము వచ్చిన తరువాత గూడ చాలకాలము నిలిచెను.

దాని ఫలము మందుల యంగడిలో కనబడెను. న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదికలో, మన దేశపు పేటెంటులలో నూటికి 80 మొదలు 90 వరకు విదేశీయుల చేతిలో నున్నవనియు, వానిలో నూటికి 90కి పైగా ఇచ్చట ఉపయోగమునకే రాలేదనియు తేల్చిరి. పొలమును గుత్తకు తీసికొని, తాను దున్నక, పరులను దున్ననీయక బీడు పెట్టినట్లు. ఈ నివేదికను బట్టి 1970లో క్రొత్త చట్టమయ్యెను. 1972లో అమలునకు వచ్చెను. ఆహారము, ఔషధములు మొదలైన వానిలో వస్తువునకు పేటెంటు లేదు, చేయు విధానమునకు మాత్రమే యుండునని దాని ముఖ్యాంశము. బెల్లముతో పోల్చి చెప్పెదను. విధానమునకే హక్కున్నచో, ఒకడు కాచిన పద్ధతిని విడిచి వేరు పద్ధతిని మీరు బెల్లము వండుకొనవచ్చును. వస్తువునకే హక్కున్నచో, ఏ పద్ధతిని వండినను బెల్లము వానిదే. ఔషధ విధానముల గడువు గూడ ఏడేండ్లకు మించకుండ తగ్గించిరి. మన రసాయన శాస్త్రజ్ఞులు వేరు దారులు వెదకి, మందులను చౌకగా చేయుట కలవాటుపడిరి. హైదరాబాదు నగరము చుట్టును మందుల కర్మాగారములు పెరుగుటకు ఈ చట్టము ముఖ్యకారణములలో నొకటి.

1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ నియమములకు లోబడి, 2005 జనవరి 1 నుండి వస్తువునకు గూడ ఇరువదేండ్ల పేటెంటు నొప్పుకొనవలసివచ్చెను. అయినను మన పార్లమెంటు రెండు తలుపులు తెరచియే యుంచెను. పాత మందునకు కొలదిపాటి మార్పుచేసి, అధిక గుణము చూపక, క్రొత్త హక్కు కోరుటకు వీలులేదని యొకటి. ఈ కారణముచేతనే రక్తపు కాన్సరు మందొకదాని విషయమున నోవార్టిసు కంపెనీ వాదమును సుప్రీముకోర్టు 2013 ఏప్రిలు 1న త్రోసివేసెను. రెండవది నిర్బంధ అనుమతి. కాలేయమునకు, మూత్రపిండములకు వచ్చు కాన్సరునకు బేయరు కంపెనీ మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలుండెను. హైదరాబాదులోని నాట్కో కంపెనీ కోరగా 2012 మార్చిలో పేటెంటు అధికారి, ఆ మందును నెలకు 8,880 రూపాయలకు మించకుండ అమ్మవలెననియు, హక్కుదారునకు నూటికి 6 వంతున చెల్లింపవలెననియు నిర్ణయించి అనుమతి నిచ్చెను. హక్కును పెరికివేయలేదు, దానికి హద్దు గీచిరి. కనిపెట్టుటకు మేమును కోట్లు ఖర్చుపెట్టితిమి గదా యని కంపెనీలు వాదించును. ఆ వాదము అబద్ధము గాదు. కాని 2,80,000 రూపాయలు పెట్టలేని రోగికి ఆ వాదము మందు గాదు.

మీరు వినుచున్న యీ రేడియో సంగతియు కొంచెము చెప్పవలెను. నిస్తంత్రీ తరంగములపై పరిశోధించిన జగదీశ చంద్ర బోసుగారికి పేటెంటులనిన ఇష్టము లేదు. 1901లో ఒక టెలిగ్రాఫు కంపెనీ యజమాని పేటెంటు కాగితము చేతబట్టుకొని వచ్చినను ఆయన లొంగలేదు. మిత్రుల బలవంతమున అమెరికాలో దరఖాస్తు పెట్టగా 1904లో హక్కు వచ్చెను గాని, ఆయన దానివలన లాభము పొందవలెనని చూడలేదు. మార్కోనీ యట్లు గాదు, పేటెంటు వెంట పేటెంటు తీసికొనెను. వానిలో నొకదాని ముఖ్యాంశములు చెల్లవని అమెరికా సుప్రీముకోర్టు 1943లో తీర్పు చెప్పెను. అప్పటి కాయన గతించి ఆరేండ్లయ్యెను.

సినిమాల చరిత్రలో గూడ ఇట్టి ఘట్టమే కలదు. 1908లో ఎడిసను మొదలైన వారు తమ పేటెంటు లన్నియు నొకచోట చేర్చి, తమ యనుమతి లేనిదే చిత్రము తీయరాదనిరి. ఆ పట్టు తప్పించుకొనుటకు కొందరు తూర్పు తీరమును విడిచి దూరమైన కాలిఫోర్నియా చేరిరి. హాలీవుడ్డు వెలయుటకు అచ్చటి యెండ యొక కారణమైనచో, ఇదియు నొక కారణము. 1915లో న్యాయస్థానము ఆ కూటమి చట్టవిరుద్ధమని తేల్చెను.

నేటి కంప్యూటరులకు ఆజ్ఞ లిచ్చు భాషల విషయమున వివాద మింకను సూక్ష్మమైనది. మన చట్టము కేవలము ప్రోగ్రామునకు పేటెంటు లేదని చెప్పుచున్నది. అది నాకు సమంజసముగనే తోచుచున్నది. సీసపద్యమున కిన్ని గణములని లక్షణము చెప్పినవా డెవడైనను, ఆ లక్షణము ననుసరించి వ్రాయు ప్రతి కవి వద్దను సుంకము వసూలు చేసినచో సాహిత్య మెట్లుండెడిది? జావా యను భాషలోని ఆజ్ఞల పేర్లను, వాని యమరికను గూగులు సంస్థ వాడుకొన్నదని ఓరకిల్ సంస్థ దావా వేయగా, పదేండ్లకు పైగా నడచి, 2021లో అమెరికా సుప్రీముకోర్టు గూగులు వాడుక న్యాయమైనదనెను. అది పేటెంటు గాదు, గ్రంథస్వామ్యము. అయినను ప్రశ్న యొక్కటే.

విత్తనముల కడకు వచ్చెదము. 2001 నాటి చట్టము రైతునకు తన పంటలోని విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, ఇరుగుపొరుగుతో మార్చుకొనుటకు, అమ్ముకొనుటకు హక్కున్నదని స్పష్టముగా చెప్పినది. రక్షణ పొందిన రకమును ఆ పేరు ముద్రించిన సంచిలో పెట్టి అమ్మరాదు, అంతే. అయినను పురుగును తట్టుకొను బీటీ ప్రత్తి వచ్చినప్పుడు విత్తనము సంకరమైనది. దాచినచో మరుసటి యేడు అట్టి పంట రాదు. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు మించి పలికెను. అందు పెద్దభాగము అమెరికా కంపెనీకి ముట్టు రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఏకస్వామ్యములను విచారించు సంఘము నెదుట ఫిర్యాదు చేసి, పొట్లము ధరను 750 రూపాయలకు దింపించెను. మన ప్రభుత్వములు రైతుకై చేసిన మంచి పనులలో దీనిని చేర్పక తప్పదు.

ఇక పసుపు సంగతి యేమైన దందురా? మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు 1996లో ఆ పేటెంటును సవాలు చేసి, 32 గ్రంథాధారములను పంపిరి. వానిలో నూరేండ్లకు పైబడినవియు, 1953లో మన దేశపు వైద్య పత్రికలో నచ్చుపడిన వ్యాసమును గలవు. 1997లో అమెరికా కార్యాలయము ఆ హక్కును త్రోసివేసెను. వేపనూనె తెగుళ్లను చంపుననుటపై 1994లో ఐరోపాలో ఇచ్చిన పేటెంటును 2000లో రద్దుచేసిరి. దానిపై అప్పీలు 2005లో కొట్టివేయబడెను.

ఇక్కడ మనము గమనింపవలసినది యొకటున్నది. ఆ కాలపు అమెరికా చట్టము ప్రకారము, పరదేశమున కోటిమంది ఒక పద్ధతి నెరిగియుండి, దినదినము వాడుచున్నను, అది సాక్ష్యము గాదు. ఎక్కడనైనను అచ్చుపడిన యక్షర ముండవలెను. అవ్వ మాట చాలదు, అచ్చు కావలెను. ఆ నియమమును 2013లో సడలించిరి గాని, అధికారి మేజపైకి కాగితము రానిదే అవ్వ సంగతి ఆయన కెట్లు తెలియును? అందుచేతనే 2001 మొదలుకొని మన ప్రభుత్వము ప్రాచీన వైద్యగ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలో కూర్చి, పేటెంటు కార్యాలయములు చూచుకొనుటకు వీలు కల్పించుచున్నది.

కాని మన పల్లెలలో పశువు కాలు విరిగినప్పుడు కట్టు ఆకు, గింజకు పురుగు పట్టకుండ కలుపు బూడిద, ఏ నేలకు ఏ జొన్న నిలుచునను లెక్క, ఇవి యే గ్రంథమునను లేవు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము గ్రామమునకొక సంఘమును, అది వ్రాయవలసిన యొక పుస్తకమును ఏర్పరచినది. ఊరి పంట రకములు, చెట్లు, మందుమొక్కలు, వాని వాడుకలు అందు వ్రాయవలెను. వ్రాసినచో మన రహస్యము పరుల పాలగునని కొందరి భయము. ఆ భయ మకారణము గాదు. అందుచేతనే ఎవరికి చూపవలెను, ఎంత చూపవలెనను నిర్ణయమున ఊరివారికి గూడ మాట యుండవలెను. వ్రాయనిచో ఏమగునో పసుపు విషయమున చూచితిమి. వ్రాయుటకు వచ్చు పిల్లలకు మొక్కల లాటిను పేర్లు తెలిసియుండవచ్చును. ఏ వేరును ఏ కార్తెలో త్రవ్వవలెనో, ఎండబెట్టవలెనో నీడనారవేయవలెనో వారికి తెలియదు. వారు మీ యింటికి వచ్చినప్పుడు కూర్చుండబెట్టి చెప్పుడు. వ్రాసిన తేదీని, చెప్పిన వారి పేరును ఆ పుటలోనే వేయించి, ఒక ప్రతిని ఊరిలో నుంచుకొనుడు.